గోడవైపు ట్రే

తెల్లవారుజామున కురిసిన జల్లు ఆగి, ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. కాలేజీ గ్రీన్‌హౌస్‌లో, పరీక్ష కోసం ట్రేల్లో నాటిన గులాబీ కొమ్మల ముందు కూతురు దిగులుగా నిలబడింది. నర్సరీ పనిలో తల నెరిసిన తండ్రి క్యారేజీతో వచ్చాడు.

"ఏంటమ్మా ఆ మొహం?"

"మధ్యాహ్నం సార్ వచ్చి చూస్తారు నాన్నా. పదిహేను కొమ్మలకైనా వేళ్లు లేకపోతే ఫెయిలే."

"చిగుళ్లు వేశాయిగా?"

"వేరు లేకపోయినా కొమ్మలో సత్తువతో చిగురేస్తుందట."

"అదీ నిజమే. లాగి చూశావా?"

"రోజూ పీకి చూసి మళ్లీ గుచ్చుతున్నా."

"ఓరి నాయనో! రోజూ పీకితే వేరెప్పుడు పడుతుందే? నువ్వు పసిపిల్లగా ఉన్నప్పుడు మీ అమ్మా ఇంతే. ఊపిరాడుతోందో లేదోనని నిద్రలో లేపి ఏడిపించేది."

"నవ్వకు నాన్నా! గోడవైపు పై అరలో ఉన్న ట్రే ఒక్కటే ముట్టుకోలేదు. స్టూలెక్కి నాటాను, మళ్లీ ఎక్కడానికి బద్ధకమేసింది."

"బద్ధకమే బతికించిందేమో. చూడనా?"

"మెల్లగా!"

తండ్రి అర మీదికి చెయ్యి చాచి, రెండు వేళ్లతో ఓ కొమ్మను పైకి లాగాడు.

"రానంటోందమ్మా."

కూతురు స్టూలెక్కి తానూ లాగింది. మట్టి లోపల ఏదో గట్టిగా పట్టుకుంది. పక్క కొమ్మా అంతే, ఆ పక్కదీ అంతే, ట్రేలో చివరిదాకా అంతే.

"నాన్నా, ఇరవైకి ఇరవై వేళ్లూనాయి!"

"ఇంక చెయ్యి పెట్టకు తల్లీ. కడుక్కురా, తిందాం."

బోర్లించిన కుండీల మీద కూర్చుని, ఇద్దరూ క్యారేజీ ఖాళీ చేశారు.