దించని చేతులు

మ్వాంజా బజారు, మిట్టమధ్యాహ్నం. పుట్టుకతోనే ఒళ్లూ జుట్టూ తెల్లగా ఉన్న దర్జీ దగ్గరికి, చిన్నప్పుడు ఆమెకు చదువు చెప్పిన మాస్టారు వచ్చాడు.

“మా మనవరాలు కూడా నీలాగే పుట్టిందమ్మా. ఎండకి ఒళ్లంతా పొక్కిపోతోంది. పొడుగు చేతుల గౌను కుట్టిపెట్టు.”

“టోపీ తీసి పక్కన పెట్టండి. ఎండలో నిలబడి ఈ నీలం గుడ్డముక్క సూర్యుడికేసి ఎత్తి పట్టుకోండి. వెలుతురేమైనా దూరుతోందా?”

“రవ్వంత కూడా లేదు. నేత ఒత్తుగా ఉంది.”

“అలాంటిదైతేనే మా ఒళ్లు కాలదు. దించకండి.”

“బుర్ర మాడిపోతోందమ్మా! ఇంకెంతసేపు?”

“బడికి పొట్టి చేతులే రూలని, మా అమ్మ కుట్టిన పొడుగు చేతులు కత్తిరించి నన్ను ఎండలో నిలబెట్టారే, అంతసేపు.”

“తప్పేనమ్మా. గౌను మాత్రం ఎప్పుడిస్తావు?”

“మీ కోడలు నిన్ననే తీసుకెళ్లింది మాస్టారూ. చేతులు దించకండి.”