వాసన పోయిన కారు

అదేంటి సార్, వీధిలో ఇన్ని ఇళ్ళుంటే అందరూ నా గుమ్మమే ఎక్కుతారు! ఎదురింటి పంపు కారినా నేనే చెప్పాలి, పక్కింటి పెద్దోడి చెయ్యి విరిగినా నేనే చెప్పాలి. సరే, కూర్చోండి. రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మీరు పెన్ను మూత తీసేలోపు అయిపోతుంది.

ముందు వాడి తమ్ముడు, చిన్నోడి సంగతి చెప్పాలి.

చిన్నోడంటే చిన్నోడేం కాదు, ముప్పై ఆరేళ్ళు. ఇద్దరు పిల్లలు. కార్ల షోరూంలో పదకొండేళ్ళు బళ్ళు తుడిచాడు. షోరూం మూసేశారు. ఇంటికొచ్చి పన్నెండు రోజులు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పదమూడో రోజు నా దగ్గరికొచ్చి, "అత్తా, పాత టూత్‌బ్రష్షులుంటే ఇవ్వు" అన్నాడు.

మతి పోయిందనుకున్నాను. కాదట. కారులో ఏసీ గాలొచ్చే సందులుంటాయి చూడండి, వాటిలో దుమ్ము తియ్యడానికట. ఉత్తినే కడగడం కాదత్తా, సందు సందూ శుభ్రం చెయ్యడం, డీటెయిలింగ్ అంటారు, ఇంట్లో గ్యారేజీలోనే పెడుతున్నాను అన్నాడు. వీధంతా తిరిగి నలభై బ్రష్షులు పోగేశాడు. మూలింటి టైలరిచ్చింది ఇంకా తడిగానే ఉంది సార్. అది వాళ్ళావిడదని వీధి వీధంతటికీ తెలుసు, వాళ్ళావిడకి తప్ప. ఆయన కుట్టిన జాకెట్టు వేసుకుని మా చెల్లెలు ఫొటో దిగబోతే...

ఆఁ, ఆఁ. చెయ్యి. వస్తున్నాను, తొందరెందుకు?

గ్యారేజీ ఉందిగానీ, దాన్నిండా వాళ్ళ నాన్న కారుంది. పెద్దాయన పోయి రెండేళ్ళు. అప్పట్నుంచీ బండి కదల్లేదు. కదలనిచ్చేవాడు కాదు పెద్దోడు. తెలుసుగా, సిమెంటు కొట్టు. కాపురం రెండు వీధుల అవతల. అయినా రోజూ మధ్యాహ్నం భోంచేసి వచ్చేవాడు, ఆ కారులో కూర్చుని అద్దాలెత్తుకుని అరగంట ఉండేవాడు. ఏం చేసేవాడా? ఏమీ లేదు. పీల్చేవాడు.

నిజం సార్! పెద్దాయన సిగరెట్టు, తలనూనె, చెమట, మూడూ ఆ సీట్లకి పట్టేశాయి. "నాన్న ఇంకా ఇందులోనే ఉన్నాడత్తా" అని ఓసారి నాతో అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. సిమెంటులో బూడిద కలిపేటప్పుడు ఎప్పుడూ రాని నీళ్ళు.

చిన్నోడు వాళ్ళమ్మని అడిగాడు. ఆవిణ్ణి నేను వదినా అంటాను. చుట్టరికమేం లేదు, గోడ పక్క వరస.

వదిన ఏమందో తెలుసా? "గ్యారేజీ తీసుకో. కానీ మొదటి బండి అదే. వాసన పోవాలి. పూర్తిగా పోతే అక్కడే నీ కొట్టు. కాస్త మిగిలినా ఇంకో చోటు చూసుకో."

ఇంకో చోటెక్కడ సార్ వాడికి?

పెద్దోడు సిమెంటు లోడు కోసం ఊరెళ్ళాడు, ఆ మూడు రోజులూ చిన్నోడు ఆ కారులోనే పడున్నాడు. సీట్లు ఊడదీసి షాంపూ పెట్టాడు. పిండితే చిక్కటి టీ డికాషన్ లాంటి నీళ్ళు. రోజూ సాయంత్రం వదిన వచ్చి తల లోపల పెట్టి వాసన చూసేది, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేది. పొగంతా పైకప్పు గుడ్డకి పట్టిందని మూడో రోజు ఆ గుడ్డ మొత్తం చింపి పారేశాడు. వదిన వచ్చి ముందు సీట్లో కూర్చుంది. తలుపేసుకుంది. పది నిమిషాలు. దిగి, "పోయింది" అంది. మర్నాడు పొద్దున్నే బోర్డు కట్టాడు.

మధ్యాహ్నం పెద్దోడు ఊర్నించి దిగి రానే వచ్చాడు.

నేను బట్టలారేస్తున్నాను సార్. అవును, స్టూలెక్కే. మా తీగ ఎత్తులో ఉంటుంది.

కారు అద్దంలా మెరుస్తోంది. చూసి ముచ్చటపడతాడనే అనుకున్నాను. చిన్నోడూ అలాగే అనుకున్నట్టున్నాడు, పళ్ళికిలించి తలుపు తెరిచి పట్టుకున్నాడు. పెద్దోడు కూర్చున్నాడు. ఒకసారి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. సీటుకి ముక్కానించి పీల్చాడు. నెత్తి మీదకి చెయ్యెత్తి తడిమితే రేకు తగిలింది. దిగాడు.

"ఏడిరా?"

"ఎవరన్నయ్యా?"

"నాన్నేడిరా?"

తెలివితక్కువ సన్నాసి, చిన్నోడు చెయ్యెత్తి కాలవ చూపించాడు. మురికినీళ్ళు పారబోసింది అక్కడేగా!

పాలిష్ మెషీన్ ఉంటుంది చూడండి, ఇస్త్రీపెట్టెంత బరువు. దాంతో కొట్టాడు పెద్దోడు. చెవి సగం తెగి వేలాడింది. చిన్నోడు కిందపడి, చేతికందిన నీళ్ళ మిషను పైపు తీశాడు. నీళ్ళేగా అనుకోకండి. ఆ మిషను నీళ్ళు దగ్గర్నించి కొడితే గచ్చు మీది నాచు ఒలుచుకొస్తుంది. పెద్దోడి పిక్క మీద కొట్టాడు. ప్యాంటు చిరిగింది. కింద చర్మమూ చిరిగింది. లోపల తెల్లగా ఏదో కనబడింది.

ఆగాడా? ఆగలేదు. తమ్ముడి జుట్టు పట్టుకుని బానెట్టుకేసి కొట్టాడు. ఒకటి. రెండు. అంత నున్నగా పాలిష్ పెట్టాడేమో, మూడో దెబ్బకి మొహం జారి బంపరుకి తగిలింది. రెండు పళ్ళు గచ్చు మీద దొర్లాయి. తలుపు తెరిచే ఉంది, సీటంతా రక్తం చిమ్మింది.

తర్వాత నురగ బకెట్టు. తల అందులో ముంచి, మెడ మీద మోకాలు పెట్టి, రెండు చేతులా అదిమి పట్టాడు. మొదట పెద్ద పెద్ద బుడగలొచ్చాయి. తర్వాత చిన్నవి. కాళ్ళు తన్నుకున్నాయి, ఒక చెప్పు ఎగిరొచ్చి మా దుప్పటికి తగిలింది. కాసేపటికి తన్నుకోవడం తగ్గింది.

అరిచానా? లేదు సార్. తడి దుప్పటి పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఇప్పుడు మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు. చిన్నోడు లేచి ఆ చెయ్యి విరగ్గొట్టాడనేగా? వీధంతా అదే అంటోంది. వాడికి లేచే ఓపికేదీ?

వదిన విరగ్గొట్టింది.

జాకీ రాడ్డుతో. పరుగెత్తుకుంటూ కూడా రాలేదు. నడుచుకుంటూ వచ్చింది, మణికట్టు చూసుకుని కొట్టింది. ఒకటే దెబ్బ. ఎండుపుల్ల విరిగిన చప్పుడు. "అమ్మా" అన్నాడు పెద్దోడు, పసిపిల్లాడిలా. "ఆ రెండో చెయ్యి కూడా తియ్యి" అంది, రాడ్డు దించకుండానే. తీశాడు.

చిన్నోణ్ణి బయటికి లాగి వీపు మీద చరిచింది. నురగ కక్కుకున్నాడు. బతికాడు. చిన్న కోడలు ఏడుస్తూ సీటు కడగడానికి వేణ్ణీళ్ళు తెచ్చింది. వదిన ఆ చెంబు పక్కన పెట్టించింది. "రక్తానికి వేడి తగిలితే మరక ఉండిపోతుంది. చన్నీళ్ళు చల్లు. రుద్దకు, అద్దు."

చిన్నోడు పళ్ళు లేని నోటితోనే, "షోరూంలో మాకూ అదే నేర్పారమ్మా" అన్నాడు. "నీకెవరు నేర్పారు?"

వదిన తలెత్తి గోడ మీదుగా నన్ను చూసింది.

స్టూలు దిగేశాను సార్.

పెద్దాయన కారేసుకుని గేటు దగ్గరికొచ్చి హారన్ కొట్టేవాడు. రెండోసారి కొట్టేలోపు గేటు తెరుచుకోవాలి. తెరుచుకోని రోజున ఏమయ్యేదో నాకు తెలుసు. మా మధ్యనున్నది ఒక్క ఇటుక గోడ. ముప్పై ఏళ్ళు విన్నాను. దుప్పట్లు చన్నీళ్ళలో నానేసిన బకెట్లు కూడా చూశాను. టైలరు బ్రష్షు సంగతి ఊరంతా చెప్పానుగా, ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. రేడియో గట్టిగా పెట్టుకునేదాన్ని.

ఏంటీ? ఆసుపత్రిలో పెద్దోడు ఏం చెప్పాడన్నారు? నురగ మీద కాలు జారిందనా?

పంతొమ్మిదేళ్ళ కింద వదిన మోచెయ్యి విరిగినప్పుడు కూడా మీలాగే స్టేషన్నించి ఒకాయన వచ్చి నన్నడిగాడు సార్. స్నానాల గదిలో కాలు జారిందని చెప్పాను. రాసుకుని వెళ్ళిపోయాడు.

మీరూ రాసుకోండి. కాలు జారింది.