పట్టుపురుగుల షెడ్డులో ఎర్ర కారు

"చిన్న కథప్పా. సుబ్బయ్యన్న టీ సల్లారేలోపల అయిపోతాది. ఆయన ఎట్లాగూ సల్లారినంకనే ఇస్తాడు కాబట్టి ఇంకా బిరీన అయిపోతాది" అని మొదలుపెట్టాడు దొరస్వామి.

మదనపల్లె టమోటా మార్కెట్ యార్డు గేటుకు ఎదురుగా ఉంది సుబ్బయ్య టీ అంగడి. పొద్దున పదిన్నర. వేలం పాటలు అయిపోయి లారీలు లోడు ఎత్తుకుంటున్నాయి. బెంచీ మీద తంబళ్లపల్లె రైతు లక్ష్మీపతి కూర్చుని ఉన్నాడు. బెంచీ పక్కన గోనెపట్ట పరుచుకుని చౌడమ్మ, బండ్లకు కట్టే నిమ్మకాయలూ మిరపకాయలూ దారానికి గుచ్చుతోంది. దొరస్వామి యార్డులో టమోటా బాక్సులు బాడుగకిస్తాడు. కథలు మాత్రం ఊరికే ఇస్తాడు.

"ఏం కథ?" అన్నాడు లక్ష్మీపతి.

"కారు కథ. మా సడ్డకుడు భానుప్రకాశ్ లేడా, మా యావిడ చెల్లెలి మొగుడు, బెంగళూరులో సల్లటి రూములో కూర్చోని నెల పుట్టంగానే జీతం తీసుకుంటాడే, వాడు కారు కొన్నాడు. కొత్తదా అంటే కాదు. ఇరవై ఆరేండ్ల పాతది. స్పోర్ట్స్ కారు, ఎర్రది, రెండే తలుపులు. ఎనక సీటు ఉండాది గానీ ఆడ మడిసి కూర్చోలేడు, సంచి కూర్చుంటాది. కుప్పంలో ఒక గ్రానైట్ షావుకారు దాన్ని బొంబాయి నుంచి తెప్పించుకోని, అది చెడిపోతే ఎనిమిదేండ్లు రేకుల కింద పెట్టినాడు. కదలని కారును యాల కొన్నావురా అంటే, 'ఆదివారం ఆదివారం నేనే విప్పి బాగుచేసుకుంటా అన్నా, మనసుకు బాగుంటాది' అంటాడు. ఆదివారాలు నాకు మాత్రం లేవా? నేను పగిలిన బాక్సులకు కమ్మీ చుట్టుకుంటా కూర్చుంటా. దాన్ని సూసేదానికి మా అత్త ఒక్కరోజన్నా వచ్చిందా? సరే, అది వదిలేయ్. కథకు వస్తా. లక్ష్మీపతీ, నువ్వు నాలుగు బోర్లు ఏయించినావు గదా?"

"ఐదు."

"నాలుగింట్లో ఏమొచ్చింది?"

"దుమ్ము."

"ఐదోదాంట్లో?"

"అదే దుమ్ము. రవ్వంత సన్నం."

"సూడు. నీళ్లు రావని తెలిసీ ఐదు తవ్వినందుకు నిన్ను ఊరంతా పిచ్చోడనింది. కదలదని తెలిసీ కారు కొన్నోన్ని మాత్రం మా అత్త 'చిన్నల్లుడికి బో తెలివి' అనింది. ఇదేం న్యాయమప్పా?"

లక్ష్మీపతికి ఇందులో తనను పొగిడారో తిట్టారో తెలియలేదు. తల ఊపాడు.

"కథ కారుది గదప్పా" అన్నాడు సుబ్బయ్య.

"వస్తాండాను గదన్నా. మా అత్త రాజేశ్వరమ్మకు పుంగనూరు రోడ్డులో పట్టుపురుగుల షెడ్డు ఉండాది. మా మామ పోయినాక పురుగులు పెంచేది మానేసింది. ఆరేండ్లుగా వట్టిగా ఉండాది. మూడేండ్లుగా నేను అడుగుతాండా. అత్తా, నా బాక్సులు ఎండకు పగిలిపోతాండాయి, ఆ షెడ్డు నాకియ్యి అని. 'సూద్దాంలే నాయనా' అంటాది. పెద్దల్లున్ని నేను. వాడేమో ఫోనులో 'అత్తా, కారు పెట్టుకునేదానికి చోటు' అనేలోపలే తాళంచెవి పంపించేసింది. నా బాక్సులు ఎండలో, వాడి కారు నీడలో. దానికి నాకేం కడుపుమంట లేదు. ఊరికే చెప్తాండా."

"లేదులే" అంది చౌడమ్మ తల ఎత్తకుండా. "నిన్న గుచ్చిన మిరపకాయ మాదిరి ఉండాది నీ మొగం."

"అక్కా, నువ్వు నీ సూది సూసుకో. కథ ఇప్పుడు మొదలైతాది. ఆ కారును కదిలించింది ఎవురు? నేను. కుప్పంలో ఆరుగురు మెకానిక్కులు దాని చుట్టూ నిలబడి తల గోక్కుంటాండారు. నేను పొయ్యి బానెట్ మింద ఏలితో రెండు తట్లు తట్టినా. కుండ కొనేటప్పుడు తడతాము సూడు, అట్ల. చెవి ఆనించి ఇన్నా. 'మూడో ప్లగ్గుకు మనసు బాగలేదు' అన్నా. తీసి తుడిచి పెట్టినా. స్టార్టయిపోయింది."

"తుడిస్తేనేనా?"

"దేంతో తుడిచినామనేది ఉంటాది గదన్నా. ఇదో, ఈ తువ్వాల్తో." భుజం మీది తువ్వాలు తీసి చూపించాడు. దాని మీద టమోటా మరకలు తప్ప ఏమీ లేవు. "భానుప్రకాశ్ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. 'అన్నా, దీన్ని మదనపల్లెదాకా తోలేది నీ ఒక్కడివల్లే అయితాది, నాకు భయం' అన్నాడు. ఏడ్చినాడు కూడా. నేను కారెక్కినా. ఎక్కినా అంటే తప్పు, దిగినా. అంత తగ్గు కారది. పక్కన పుంగనూరు ఆవును నిలబెట్టండి. మూడడుగులుంటాది గదా ఆ ఆవు, అది కూడా తల వంచి సూడాల కారును. లోపల కూర్చుంటే రోడ్డు మింద పండుకున్నట్టే. చీమలు కనపడతాండాయి. మగ చీమేది, ఆడ చీమేది తెలుస్తాండాది."

"ఎట్ల తెలుస్తాది?" అన్నాడు లక్ష్మీపతి.

"ఆడ చీమ నన్ను తిరిగి సూసింది. ఇంక చెక్‌పోస్టు కాడ అడ్డకర్ర ఎత్తనే లేదు. కింద నుంచి దూరిపొయ్యినా. ఆ గార్డు ఇప్పటికీ పిల్లి పోయిందనుకుంటాండాడు. కుప్పం స్టేషను పక్కన పోతాంటే బెంగళూరు రైలు బయల్దేరింది. నేనూ తొక్కినా. ఆరు బోగీలు దాటినా, పన్నెండు దాటినా, ఇంజను దాటినా. ఆ డ్రైవరు నన్ను సూసి, సూసి, బెంగళూరు మర్చిపోయి నా ఎనకే పలమనేరు దిక్కు వచ్చేసినాడు."

"పలమనేరు దిక్కు పట్టాలు యాడుండాయప్పా?"

"అవీ వచ్చినాయన్నా, రవ్వంత దూరం."

సుబ్బయ్య గ్లాసులో టీ పోయబోయి, పాలగిన్నెలోనే తిరిగి పోశాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అడివి. పదిహేడు ఏనుగులు రోడ్డుకు అడ్డంగా నిలబడుండాయి. అటు పక్క ఏడు బస్సులు, ఇటు పక్క తొమ్మిది లారీలు ఆగిపోయినాయి. నేను ఆ వరసలో ఆగలే, ఏనుగుల పక్కనే తెచ్చి నిలిపినా. పెద్దేనుగు కిటికీ కాడికి వచ్చింది. దాని కంట్లో కన్ను పెట్టి సూసినా. ఈడ నా కన్ను, ఆడ దాని కన్ను, సరిసమానం. 'మదనపల్లె దొరస్వామి' అన్నా. అంతే. అది తొండమెత్తి మిగతావాటిని రోడ్డు పక్కన వరసగా నిలబెట్టింది. ఇస్కూలు పిల్లోళ్ల మాదిరి."

చౌడమ్మ చేతిలో సూది ఆగింది. మళ్లీ మిరపకాయలోకి దిగింది.

"పలమనేరు దాటినాక పెట్రోలు అయిపాయ. ఇంకొకడైతే ఏడ్చేవాడు, మా సడ్డకుడి మాదిరి. నేను సూసినా. రోడ్డు పక్కన రేటు లేక పారబోసిన టమోటాలు కుప్పలు కుప్పలు. లక్ష్మీపతీ, నీవి కూడా ఉండొచ్చు అందులో."

"ఉండాయి" అన్నాడు లక్ష్మీపతి.

"వాటిని ఇదే తువ్వాల్లో పిండి ట్యాంకులో పోసినా. పెట్రోలు కంటే జోరు! ఎనక నుంచి పొగ రాలే, చారు వాసన వచ్చింది. పుంగనూరుదాకా రోడ్డు పక్క ఇండ్లల్లోళ్లు కంచాల్లో అన్నం పెట్టుకోని బయటికి వచ్చేసినారు."

"ఇంగువ వాసన?" అడిగాడు సుబ్బయ్య.

"ఇంజను బాగా కాగినాక వచ్చింది. అయితే పులుపు సాలక రవ్వంత దగ్గింది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చింతమాను కొమ్మకు నాలుగు కాయలు తెంపినా. రెండు ట్యాంకులో ఏసినా. మిగిలిన రెండు, పుంగనూరులో మిద్దె మింద బట్టలు ఆరేస్తాండే ఒకామెకు చేతికిచ్చి, 'బాగుండావా అమ్మా' అని అడిగినా. ఆమె 'బాగుండా' అనేలోపల మదనపల్లె వచ్చేసింది. కుప్పంలో నేను బయల్దేరింది పదకొండు గంటలకు. మా అత్త షెడ్డు ముందర బ్రేకు ఏసి గడియారం సూస్తే పదిన్నర."

"పదకొండుకు బయల్దేరి పదిన్నరకు వచ్చినావా?"

"నేను కూడా గడియారం చెడిపోయిందేమో అనుకున్నా. మా యావిడ వసుధకు ఫోను చేస్తే 'ఇంకా కుప్పం నుంచి బయల్దేరలేదా' అనింది. సరే, దిగి సూస్తే నా నీడ లేదు. అరగంట నిలబడినా. రొప్పుకుంటా వచ్చింది. దానికి రెండు చెంబులు నీళ్లు పోసినా. అప్పుడు మా అత్త హారతి పళ్లెం తీసుకోని బయటికి వచ్చింది. చిన్నల్లుడి దిక్కు సూడనే లేదు. నేరుగా నా కాడికే వచ్చి, 'నువ్వు లేకుంటే ఈ కారు కదిలేదా నాయనా' అనింది."

ఆ చివరి మాట మాత్రం మెల్లగా అన్నాడు. తర్వాత బెంచీ మీది ఖాళీ గ్లాసును ఎత్తి రెండుసార్లు తాగాడు.

చౌడమ్మ దారం కొరికి ముడి వేసింది. "దొరస్వామీ, ఒక మాట అడగనా?"

"అడుగక్కా."

"పుంగనూరు ఆవు వంగి సూసే కారు గదా అది?"

"అవును."

"చీమలు కనపడే కారు?"

"మగ చీమ, ఆడ చీమ."

"మరి ఏనుగు కన్ను నీ కంటికి సరిసమానంగా ఎట్లొచ్చింది? చింతకొమ్మ ఎట్లందింది? మిద్దె మిందామెకు చెయ్యెట్ల అందించినావు?"

దొరస్వామి తువ్వాలును ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. "ఆడ రోడ్డు రవ్వంత ఎత్తుంటాది."

"రోడ్డు కాదు నాయనా, లారీ. తమిళనాడులో టమోటా దించి వట్టిగా తిరిగొస్తాండే లారీ. తోలింది నా కొడుకు కుమార్. కారును లారీ మింద పెట్టి తాళ్లు బిగించి, వాడూ నీ సడ్డకుడూ కాఫీకి పోయినారు. తోడుగా పోయిన నువ్వు ఎవురూ సూడకుండా ఎక్కినావు. నీ సడ్డకుడి కంటే ముందు ఆ సీట్లో నువ్వు కూర్చోవాలని తలుపేసుకున్నావు. ఆ తలుపు లోపల నుంచి తెరుచుకోదు. అద్దం జానెడు దిగి ఆగిపోయింది. నువ్వు బస్సుకు పోయినావనుకోని నీ సడ్డకుడు రైలెక్కేసినాడు, మావాడు లారీ తీసేసినాడు. కుప్పం నుంచి ఈడికి నాలుగు గంటలు. లారీ మింద కారు, కార్లో నువ్వు."

లక్ష్మీపతి నవ్వాడు. ఐదో బోరు వేసిన తర్వాత అతను నవ్వడం అదే మొదటిసారి.

"షెడ్డు కాడ మావాడు తలుపు తీస్తే చెమటకు నానిపోయుండావంట. 'ఎవురికీ చెప్పొద్దప్పా' అని వాడి గడ్డం పట్టుకున్నావంట. వాడు ఎవురికీ చెప్పలే, నాకు చెప్పినాడు అంతే. నేనూ మూడు దినాలు గమ్మునే ఉండా. జేబులో ఫోను ఉండె గదా, యాల చెయ్యలే?"

సుబ్బయ్య కూడా నవ్వడం మొదలుపెట్టాడు. గేటు దగ్గర హమాలీలు ఇటు తిరిగి చూశారు. దొరస్వామి ముఖం రంగు టమోటాకు దగ్గరగా వచ్చింది.

"ఎవురికి చేసేది ఫోను? నీ కార్లో ఇరుక్కుపోయినా, వచ్చి తలుపు తియ్యి రా అని వాడికి చెప్పమంటావా?" అన్నాడు. "నవ్వండి, బాగా నవ్వండి. నాలుగు గంటలు ఊరికే కూర్చున్నాననుకుంటాండారా? స్టీరింగు కింద చెయ్యి పెట్టినా. దొరికిన వైరు పట్టుకోని పీకి పారేసినా. పసుపుపచ్చది. ఇంక ఆ కారు వాడి జన్మలో కదలదు. నాలుగు ఆదివారాలు సూస్తాడు, ఇసుగొచ్చి పాత ఇనుము అంగడికి తోలేస్తాడు. అప్పుడు షెడ్డు ఎవురిది? చెప్పండి, షెడ్డు ఎవురిది?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ బెంచీ మీద అతను చెప్పిన మొదటి నిజం అదని అందరికీ తెలిసిపోయింది. అతనికి కూడా తెలిసినట్టుంది. తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం భానుప్రకాశ్ బెంగళూరు నుంచి వచ్చి కొత్త బ్యాటరీ బిగించి, పెట్రోలు పోసి, తాళంచెవి తిప్పాడు. కారు స్టార్టయింది. షావుకారు దొంగల భయంతో ఎప్పుడో పెట్టించిన అలారం ఒకటి చెడిపోయి, ఎనిమిదేళ్లుగా ఇంజనుకు కరెంటు అందకుండా ఆపుతోంది. ఆరుగురు మెకానిక్కులకు అది దొరకలేదు. దాని వైరును ఎవరో పీకేశారు. పసుపుపచ్చది.

టైర్ల కింద పెట్టే నాలుగు నిమ్మకాయలు ఇవ్వడానికి చౌడమ్మ అక్కడికి వెళ్లింది. ఆ వైరు ఎవరు పీకారో చెప్పింది. ఎందుకు పీకారో చెప్పలేదు.

రాజేశ్వరమ్మ పెద్దల్లుణ్ని పిలిపించి, హారతి పళ్లెం అతని దగ్గరికే ముందు తెచ్చింది. "నువ్వు లేకుంటే ఈ కారు కదిలేదా నాయనా" అంది, వీధంతా వినేట్టు. "ఆదివారం ఆదివారం నువ్వూ రా అన్నా, ఇద్దరం కలిసి చేసుకుందాం" అన్నాడు భానుప్రకాశ్. అల్లుళ్లిద్దరూ కలిసి పనిచేసుకునే చోటు కదా అని, రాజేశ్వరమ్మ ఆ షెడ్డును ఎప్పటికీ కారుకే వదిలేసింది.

సోమవారం సుబ్బయ్య అంగడిలో దొరస్వామి కారు బాగుచేసిన సంగతే అందరూ చెప్పుకున్నారు. దొరస్వామి, తాను ఏమీ చేయలేదనీ, తనకు ఏమీ తెలియదనీ మూడుసార్లు చెప్పాడు. ఎవరూ నమ్మలేదు.

బాక్సులు ఎండలోనే ఉన్నాయి.