చుక్కాని ఎవరి చేతికి

రేవు పక్క టికెట్ల గదిలో, దీవుల పటం ముందు అన్నాచెల్లెళ్లు నిలబడ్డారు.

"అన్నయ్యా, రేపటికి పడవ అడిగింది మీ పాత యజమాని. కొత్త అల్లుడికి తీరిగ్గా దీవులన్నీ చూపిస్తాడట. పడవ నీదని తెలీదు పాపం. వద్దననా?"

"రానీ. నల్లరాతి దీవి దగ్గర కాసేపు ఆగుదాం."

"తనే పడవ నడిపి రాతికి కొట్టి, నింద నీ నెత్తిన రుద్దాడే, అక్కడా? ఆ తర్వాత నీ చేతికి ఎవరూ పడవ ఇవ్వలేదు. ముంచేస్తావా ఏంటి?"

"నా పడవ నేనెందుకు ముంచుకుంటానే? లంగరు వేసి, చుక్కాని మర్యాదగా ఆయనకే అందిస్తా. 'ఇక్కణ్ణుంచి మీరు నడపండయ్యా, అల్లుడుగారు చూస్తారు' అంటా."

"పట్టుకోకపోతే?"

"ఎందుకని అల్లుడు అడుగుతాడుగా. ఆ రోజు పడవ నడిపిందెవరో మామగారు తన నోటితో చెప్పేదాకా లంగరు ఎత్తను."