కత్తెర నోట్లో తాడు

హలో… ఆ, నేనే. ఇంకెవరు, మీ అక్కనే.

…బాగున్నానా? బాగుంటే పట్టపగలు పని మానుకొని నీకెందుకు ఫోన్ చేస్తానురా?

…ఆ, నీ ఫోటోకి బహుమతి వచ్చిందిలే, తెలుసు. చలికాలపు మంచులో సగం మునిగిన మేడలు, వాటికి అడ్డంగా నీ కత్తెర. కత్తెర నోట్లో మీ బావ వేలాడే తాడు. ప్రదర్శన హాలు గోడంతా అదేనట. భలే తీశావు.

…సరసమా? బావాబామ్మర్దుల సరసానికి వేరే చోటే దొరకలేదట్రా? ముప్పయ్యో అంతస్తు దగ్గర అద్దాలు తుడుచుకునే మనిషి తాడే కావాల్సొచ్చిందా నీ కత్తెరకి?

…తెలుసు. నువ్వు కింద రోడ్డు మీదున్నావు. కత్తెర నీ కంటి ముందుంది, తాడు అల్లంత దూరాన ఉంది. తగల్లేదు, తెగలేదు. నాకా పాఠం చెప్పకు!

…మీ బావా? నవ్వాడు. ఎందుకు నవ్వడు? కనిపించిన వాళ్ళందరికీ చూపించి మరీ నవ్వాడు. అది నిన్న.

…ఇవాళా? ఇవాళ బెల్టు బిగించుకున్నాడు, తాడు తగిలించుకున్నాడు, పిట్టగోడ మీద కూర్చున్నాడు. కాలు కిందికి దిగలేదు. తోటివాళ్ళు ఇవతలికి లాగి ఇంటికి పంపించారు.

…జ్వరం లేదు, గిరం లేదు!

…నోరు మూసుకొని విను. ఇన్నేళ్ళూ ఆయన కిందికి చూడలేదు, పైకీ చూడలేదు. ముక్కుకెదురుగా ఉన్న అద్దమే చూసేవాడు. మరక తుడవడం, జానెడు దిగడం. ఆ పనిలో వాళ్ళంతా అంతే. ఎంత ఎత్తున ఉంటాడో ఊరందరికీ తెలుసు, ఆయనకి తప్ప. నువ్వు చూపించావు! అంత ఆకాశంలో చీమంత మనిషి, వెంట్రుకంత తాడు…

…మాటకి అడ్డు రాకు!

…తీసేస్తావా? గోడ మీంచి తీస్తావు. ఆయన కళ్ళలోంచి ఎవరు తీస్తారు, మన తాత దిగొచ్చి తీస్తాడా?

…క్షమాపణ నేనేం చేసుకోను, ఊరగాయ పెట్టుకోనా? రేపు పొద్దున రా. పైన, తాడు కట్టిన చోట కూర్చో. ఆయన దిగినంతసేపూ తాడు మీంచి చెయ్యి తియ్యకు. బామ్మర్ది పట్టుకున్నాడంటే దిగుతాడేమో.

…ఏం, ఎందుకు రాలేవు?

…ఏమిటీ?

…రెండో అంతస్తు బాల్కనీలో నిలబడాలన్నా భయమా? చిన్నప్పటినుంచా?

అందుకేనా అన్నీ కిందనుంచే తీస్తావు! ఓరి సన్నాసీ… అంత భయం ఉన్నవాడివి, అటు కత్తెర పెట్టి ఎలా నవ్వావురా?

…గట్టిగా చెప్పు, ఏడుస్తూ చెబితే వినపడదు.

…కుళ్ళా? నువ్వు తలెత్తి చూడలేని చోట ఆయన ఈలేసుకుంటూ దిగుతాడనా?

…నాకు చెప్పకు. నాకు జాలి లేదు, తెలిసిందా? ఇదే మాట మీ బావకి చెప్పు. ఒక్క ముక్క మింగావంటే ఊరుకోను.

—ఏమండీ! గోడవైపు తిరిగి పడుకున్నది చాలు, లేవండి. మీ బామ్మర్ది… తిట్టడం ఇంకా అయిపోలేదు, తర్వాత తిడతాను. ముందు వాడి భయం వినండి… ఇదిగో ఫోన్, రెండు చేతులతో పట్టుకోండి.