గెలిచినవాళ్ల చేతి నీళ్లు

అమ్మలారా, అయ్యలారా, నాతోపాటు ఈ బరిలో దుమ్ము మింగిన చెల్లెళ్లారా,

ఈ బడి వాకిట్లో మనం ఇంతమందిమి ఎప్పుడు కూడినా ఆటల కోసమే కూడాం. ఇవాళ ఈల వేసే మనిషి లేరు. మన డ్రిల్లు టీచరు జానమ్మ గారిని విషజ్వరం తీసుకుపోయింది.

ఆడపిల్లలకు చెడుగుడు ఏమిటని ఊరు నవ్విన రోజుల్లో టీచరమ్మ మా లంగాలు ఎగదోపించి బరిలోకి దించారు. బాగా ఆడితే మెచ్చుకున్నారా? లేదు. బాగా ఆడినదాని చేతికి చీపురిచ్చి, పల్లేరు కాయలు ఏరమన్నారు. మా వైపు నుంచి ఏరడం మొదలుపెడితే ఈల మోగేది. "ముందు ఎదుటోళ్ల దిక్కు ఏరు. వాళ్ల కాళ్లల్ల ముల్లు ఇరిగితే నీదొక గెలుపేనా?"

నన్నయితే మిడత అనే పిలిచేవారు. "ఏమే మిడతా, జరసేపు ఒక్కకాడ నిలవడనేరవా?" హైదరాబాదు కాలేజీకి పోయినా నాకు నిలకడ రాలేదు. ఆ పేరూ వదల్లేదు.

టీచరమ్మ పెట్టిన ఇంకో నియమం ఉంది. ఆట కాగానే గెలిచినవాళ్లు కడవ ఎత్తి ఓడినవాళ్లకు నీళ్లు పోయాలి. "గెల్చినోళ్లకు దూప తెలువది. ఓడినోళ్లకే గొంతెండుతది" అనేవారు.

పొరుగూరి పెద్దిండ్ల పిల్లలు మా చేతిలో ఓడిపోయిన రోజు గుర్తుందా? కడవ ఎత్తింది మా నాయకురాలు గోపమ్మ. ఊరి బయటి వాడ పిల్ల. ఆ చేతి నీళ్లు వాళ్లు తాగుతారా? ఒక్కరూ దోసిలి పట్టలేదు. గోపమ్మ కడవను నేలకేసి కొట్టబోయింది. అదే వాడలో పుట్టిన టీచరమ్మకు ఆ మంట తెలియదా? తెలుసు. అయినా చేయి పట్టుకొని ఆపారు.

"పోసుడు నీ పని. తాగుడు వాళ్ల ఇష్టం. నీ పని నువ్వు ఇడువకు."

వాళ్ల బండి కదిలేదాకా గోపమ్మ నిండు కడవతో నిలబడింది. పళ్లు కొరుకుతూనే నిలబడింది. మరుసటేడు వాళ్లు మళ్లీ ఓడారు. ఈసారి వాళ్ల నాయకురాలు ఈదమ్మ తానే వచ్చి దోసిలి పట్టింది. గోపమ్మ తొందరగా కడవ వంచితే సగం నీళ్లు నేలపాలయ్యాయి. టీచరమ్మ ఈల నోట్లో పెట్టుకొని అటు తిరిగి నిలబడ్డారు.

పెద్దలారా, ఇవాళ ఓడింది మనం. గెలిచినవాళ్లు నీళ్లు పోయాలి కదా? చావుకు ఆ మర్యాద తెలియదు. అందుకే మనకు మనమే పోసుకోవాలి. వాకిలి దగ్గర గోపమ్మ కడవతో ఉంది. పక్కన ఈదమ్మ ఉంది. పోయడం వాళ్ల పని. తాగడం మీ ఇష్టం.

అంతకుముందు మీరంతా లేచి, మాట లేకుండా, టీచరమ్మ కోసం కాసేపు నిలబడండి. ఈ మిడత కూడా కదలకుండా నిలబడుతుంది.