వెంకాయమ్మ గారి ఇసుక బాన

(1963 ఫిబ్రవరిలో నాగాయలంకలో జరిగిన పదవీ విరమణ సభలో వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు కోదండరామయ్య గారి మాటలు)

అధ్యక్షస్థానంలో ఉన్న శోభనాద్రి గారికి, వేదిక మీది పెద్దలకు, నాతోపాటు ఎనిమిదేళ్లు ఎండలో తిరిగిన గ్రామసేవకులకు, పనులు మానుకుని వచ్చిన రైతులకు, వాళ్లకంటే ముందే వచ్చి వెనక వరసలో కూర్చున్న ఆడవాళ్లకు నా నమస్కారాలు. వెనకెందుకమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, రండి. (కొందరు ముందుకు వచ్చారు.)

ఇందాక చదివిన సన్మాన పత్రంలో నన్ను కర్షక బాంధవుడన్నారు. మొహమాటానికి ఊరుకున్నాను. కానీ 'చిలగడదుంప విత్తనాన్ని ఇసుక బానలో దాచే పద్ధతిని ఈ ప్రాంతానికి నేర్పిన మహనీయుడు' అనేసరికి కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. ఆ పత్రం అద్దం కట్టించుకుని మా ఇంటి గోడకు ఎక్కకముందే సరిచేయాలి.

పెదపారుపూడి వరి చేల మధ్య నుంచి బదిలీ మీద వచ్చిన నాకు, ఈ ఇసుక నేలల్లో దుంపకు విత్తనం తీగేనని, ఆ తీగ వేసవిలో నీళ్లు లేక మాడిపోతుందని, ఇసుకలో తవ్వుకున్న నీళ్ల గుంట, అదే మన దొరువు, ఉన్న ఆసామి దగ్గరే అది బతికుంటుందని అప్పట్లో తెలియదు. తొలకరి పడగానే అందరూ ఆ ఆసామి గుమ్మం దగ్గర నిలబడేవాళ్లు. తీగ ఊరికే ఇచ్చేవారు, కాకపోతే ముందు ఆయన చేలో నాటాలి. అది పూర్తయి మోపు ఇంటికి తెచ్చుకునేసరికి సొంత చేలో పదును ఆరిపోయేది. శోభనాద్రి గారూ, మీ పేరు చెప్పడం లేదండీ. (నవ్వులు. అధ్యక్షులు కూడా నవ్వారు.)

నేను వచ్చి ఎకరానికి ఎన్ని బస్తాలు పెరుగుతాయో ఉపన్యాసం ఇచ్చాను. చిన్న దుంపల్ని బానలో ఇసుక మధ్య దాచి, ఉగాది వెళ్లాక దొడ్లో పాతితే, తొలకరికి ఎవరి తీగ వాళ్లకుంటుందన్న ముక్క చివర్లో, గొంతు సవరించుకుంటూ చెప్పాను. అసలు మాట అదేనని నాకే తెలియదు. నా మీద గౌరవం కొద్దీ పదకొండు ఇళ్లవాళ్లు బానలు పెట్టారు. ఇసుక కాస్త తడపమన్నాను. నెల తిరక్కుండా దుంపలు దాదాపు అన్నీ కుళ్లిపోయాయి.

నన్నెవరూ ఒక్క మాట అనలేదు. ప్రతి ఇంట్లోనూ మజ్జిగ ఇచ్చి పంపించారు. నేను మాత్రం ఆఫీసుకు వచ్చి 'రైతులు సూచనలు పాటించలేదు' అని రిపోర్టు రాశాను. పాటించారండీ. పాటించబట్టే పోయాయి. తడపమన్నది నేను.

పదిమంది బానలు బోర్లించేశారు. ఆ పదకొండో ఇంట్లో, దైవాధీనం గారి భార్య వెంకాయమ్మ మాత్రం కుళ్లకుండా మిగిలిన అయిదు దుంపలు ఏరుకుని, ఇసుకను ఎండలో బాగా ఆరబెట్టి, చల్లారాక అందులో పెట్టింది. ఉగాది వెళ్లాక దొడ్లో పాతి, అంట్లు కడిగిన నీళ్లే పోసింది. మృగశిర కార్తెకు రెండు మోపుల తీగ కోసింది. అది చూడ్డానికి వెళ్లి, ఒకసారి నష్టపోయి కూడా మళ్లీ ఎందుకు పెట్టావని అడిగాను.

"దుంప ఎక్కువ ఊరుద్దని కాదు బాబుగారూ. తొలకరి పడ్డ రోజున ఎవరి గుమ్మం దగ్గరా నిలబడకుండా మా చేలో మేం నాటుకుందామని" అంది.

నా ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ ఒక్క మాటకు సరిరావు. మరుసటేడు ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ పొడి ఇసుక బాన ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు. అందరూ ఆవిడ దొడ్డి చూసి పెట్టుకున్నారు.

ఇంకొక్క సంగతి. అధ్యక్షుల అనుమతి తీసుకునే చెబుతున్నాను. పోయిన వేసవిలో ఆయన దొరువు ఉప్పెక్కింది. తీగ మొత్తం పోయింది. తొలకరికి ఆయనే స్వయంగా వెంకాయమ్మ ఇంటికి వెళ్లారు. "ఎండనపడి వచ్చారు, ముందు కూర్చోండి బాబూ" అని అరుగు మీద చాప వేసి, మంచినీళ్లిచ్చి, నాలుగు మోపులు కట్టించి ఇచ్చింది. మా చేలో నాటి వెళ్లండి అనలేదు. (పెద్దగా నవ్వులు.) ఆ సాయంత్రం ఆయన నాతో, "ఆవిడ నన్ను నిలబెట్టలేదండీ. నేను ఇన్నేళ్లు నిలబెట్టాను" అన్నారు. ఆ మాట అనగలిగిన మనిషి అధ్యక్షత వహిస్తున్నారు కాబట్టే ఈ సన్మానానికి ఒప్పుకున్నాను.

వెంకాయమ్మ గారూ, ఎనిమిదేళ్లలో మిమ్మల్ని గారు అని పిలవడం ఇదే మొదటిసారి. ఆ పాత రిపోర్టు తప్పని, తడపమన్నది నేనేనని, సరిచేసింది మీరని మీ పేరుతో సహా రాసి నిన్ననే పై ఆఫీసుకు పంపాను. ఈ పత్రంలో కూడా నా పేరు కొట్టేసి మీ పేరు రాయించి మీకే ఇవ్వమని సభవారిని వేడుకుంటున్నాను. నన్ను క్షమించండి.

ఆవిడ విత్తనం దుంపలు పెట్టి నాకిచ్చిన ఇసుక బాన ఇదుగో, ఇక్కడే ఉంది. శాలువా కంటే దీన్నే జాగ్రత్తగా బందరులో మా ఇంటికి తీసుకెళ్తాను. ఉగాది వెళ్లాక ఆ దుంపల్ని మా దొడ్లో పాతుతాను. ఇసుక తడపను. (నవ్వులు.) ఇంత ఆదరం చూపిన మీ అందరికీ రుణపడి ఉన్నాను. తొలకరికి తీగ కావలసినవాళ్లు ఎవరైనా మా ఇంటికి రండి. గుమ్మం దగ్గర నిలబడకండి, లోపలికి వచ్చి కూర్చోండి. ఇక నాకు సెలవు ఇప్పించండి.